ఇరవై ఆరు గ్రాములు

కొత్త చెరువు లోతు చేస్తుంటే
పొక్లెయిన్ తొట్టిలోంచి రాలాయి ఇవి.
గౌతమి పాయకి ఇవతల, మడచెట్లు ఆగిపోయిన చోట,
నల్ల ఒండ్రు కింద, ఆల్చిప్పల పొర కింద.
ఎండిన ఉసిరికాయలనుకున్నాం.
డ్రైవరు సూరాడ పైడియ్య ఒకదాన్ని కొరికి
తుపుక్కున ఉమ్మేశాడు.
కాల్చిన మట్టి. నడుమ నిలువునా బెజ్జం.

నేను కాటా మనిషిని.
కంపెనీ తరఫున రొయ్య తూకం నా పని.
కిలోకి ఎన్ని తూగితే అంత కౌంటు,
కౌంటుని బట్టి రేటు,
రేటుని బట్టి
రైతు ఇంట్లో ఆ రాత్రి మాటలు.
పక్క చెరువులో పట్టుబడికి ఇంకా టైముంది.
కడిగి, తుడిచి, కౌంటు తీసే చిన్న కాటా మీద
ఒక్కొక్కటే పెట్టాను.

ఇరవై ఆరు.
ఇరవై ఆరు.
ఇరవై ఏడు. బెజ్జంలో ఒండ్రు మిగిలింది,
పుల్లతో తీశాను. ఇరవై ఆరు.

కాటా పాడైందేమోనని
జేబులో రూపాయి బిళ్ళలు పెట్టి చూశాను.
కాటా బాగానే ఉంది.
మరి కాటా లేని రోజుల్లో
వీటిని తూచిందెవరు?

గట్టు మీద ఓలేటి నూకరత్నం వల బాగుచేసుకుంటోంది.
ఒకటి తీసుకుని అరచేతిలో ఎగరేసి పట్టుకుంది.
"వలగుండు. ఇప్పుడు సీసం కడతన్నాం గానీ
మా అమ్మమ్మోళ్ళు ఇయ్యే చేసీవోరు.
అన్నీ ఒక్క బరువుండాల.
ఒకటి తేలికైందా, ఆ పక్క లేస్తది.
లేచిన పక్కనించే చేప పోద్ది."
అంతే. మళ్ళీ దారం పళ్ళతో తెంపుకుంది.

అంటే తూకం సంతలో పుట్టలేదన్నమాట.
రాజు గారి కొట్లో పుట్టలేదు.
చేప తప్పించుకోకూడదని పుట్టింది.

ఆమె ఎవరో,
ఆమే అనుకుంటాను, ఎందుకో తెలీదు,
ఒండ్రు పిసికి, ఉండ చేసి,
తుంగపుల్లతో పొడిచి
అరచెయ్యి పైకీ కిందికీ ఆడించి ఉంటుంది.
కొంచెం గిల్లి, కొంచెం అంటించి,
మళ్ళీ గిల్లి.
పచ్చిమట్టి నీళ్ళలో కరుగుతుంది, కాలిన మట్టి కరగదు.
ఈ ఒక్క ముక్క తెలియడానికి
ఎన్ని వలలు తేలిపోయాయో,
ఎంతమంది పిల్లలు పస్తు పడుకున్నారో
ఆ లెక్క ఏ పొరలోనూ దొరకదు.

తర్వాతది మాత్రం ఊహించగలను, నా వృత్తి కాబట్టి.
సమంగా ఉన్న ఉండల్ని చూడగానే
ఎవడికో ఇంకో ఆలోచన వచ్చుంటుంది.
పది ఉండల ఎత్తు ఉప్పు.
ఇరవై ఉండల ఎత్తు నువ్వులు.
పడవలో వచ్చినవాడికీ గట్టు మీదున్నవాడికీ
ఒకరి మాట ఒకరికి రాకపోయినా
ఉండ ఇద్దరికీ అర్థమైంది.
ఇవ్వలేకపోతే బాకీ.
బాకీ మరిచిపోకుండా కుండ మీద గీత.
గీత గీసేవాడికి కూర్చోను చాప,
నీళ్ళలో దిగకుండానే చేప.

ఆ చాప మీదే ఇవాళ నేను,
ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని.
ఐసు నీళ్ళకని కిలోకి ఇంత కోసి రాయమంటారు.
రాస్తాను.

మొత్తం నలభై ఒకటి.
చివరిది పదకొండు గ్రాములే తూగింది.
వంకర. బెజ్జం పక్కకి జారిపోయింది.
మీద బొటనవేలి ముద్ర,
నా చిటికెన వేలు కూడా పట్టనంత.
అమ్మ పక్కన కూర్చుని నేనూ చేస్తానని
మారాం చేసిన పిల్ల ఎవరో.
వలకి పనికిరాదని తెలిసీ
పారెయ్యలేదు,
మిగతావాటితో పాటే కాల్చారు.

నూకరత్నం దాన్ని చాలాసేపు చూసింది.
ఎగరెయ్యలేదు.

నాలుగింటికి లారీ వచ్చింది.
ట్రేలు, ఐసు, కేకలు.
నలభై గుండ్లూ ఆమె కొంగున కట్టుకుపోయింది,
పాత వలకి వేస్తుందట.
చిన్నది కాటా పళ్ళెంలోనే ఉండిపోయింది.
మొదటి గంప తెచ్చి పెట్టబోతూ రైతు ఆగాడు.
రొయ్య పడకముందే
ఎర్రంకెలు పదకొండు చూపిస్తున్నాయి.

నేను సున్నా నొక్కలేదు.