పూత మీద బేరం

మార్చి పదిహేను, అర్ధరాత్రి లోపు.
మూడు వందల యాభై డాలర్లు.
కడితే తిరిగి రావు అన్న ఒక్క వాక్యాన్నీ
బొద్దుగా అచ్చేశారు, మిగతా ఉత్తరమంతా పూలూ అభినందనలూ.

నర్సింగ్ సీట్లు తక్కువట.
ముందు కట్టినవాళ్ళదే కుర్చీ అట.
మిగతా రెండు కాలేజీలు నెలాఖరు దాకా నోరు విప్పవు.
అందులో ఒకటి, ప్రణుతి ఎనిమిదో తరగతి నుంచీ
చొక్కా మీద వేసుకు తిరుగుతున్న పేరు.
అక్షరాలు సగం ఊడిపోయాయి, పేరు మాత్రం పోలేదు.

డిపాజిట్ అంటారు వీళ్ళు.
మా ఇంట్లో దాన్ని బయానా అనేవాళ్ళం.
నూజివీడు చుట్టుపక్కల మా నాన్న మామిడి తోటలు కొనేవాడు,
కాయ మీద కాదు, పూత మీద.
మాఘమాసం ఎండలో చెట్టు కింద నిలబడి
తల పైకెత్తి, కళ్ళు మూసుకుని
ముక్కుతో లెక్క కట్టేవాడు.
తర్వాత రైతు అరచేతిలో నోట్లు పెట్టి
ఆ వేళ్ళు తనే మూసేవాడు.
తేనెమంచు పురుగు, వడగళ్ళు, చైత్రంలో ఈదురుగాలి,
అన్నీ ఆ గుప్పిట్లోనే ఉండేవి.
ఒక ఏడు రెండు లారీల కాయ.
ఇంకో ఏడు పిందెలన్నీ నేలరాలి
ఇల్లంతా పచ్చడి జాడీలు,
కాలు పెట్టే చోటు లేకుండా.

నేను టొలీడోలో కళ్ళద్దాల ల్యాబులో పనిచేస్తాను.
ఎవరెవరి చూపో పొద్దస్తమానం అరగదీస్తాను.
దూరానికో అంకె, దగ్గరికో అంకె.
రెండూ ఒకే గాజులో ఇమడాలంటే
అంచుల్లో మసక తప్పదు.
ఆ మాట కొనేవాళ్ళకి మేం ముందు చెప్పం.

"కట్టేయ్, పోతే పోయింది" అన్నాడు మా ఆయన.
కారు బ్రేకులకని దాచిన డబ్బది.
మూడు నెలలుగా ఆ పాత బ్రేకుల మీదే తిరుగుతున్నాం,
మలుపు మలుపుకీ కీచుమంటూ.

పిల్ల ఏమన్నా అంటే బావుండును.
"నీ ఇష్టం అమ్మా" అంటుంది.
తెలుగులో ఆ మాటకి ఎన్ని అర్థాలో
ఇక్కడ పుట్టినదానికి ఎవరు నేర్పారో మరి.

పదకొండుంపావు.
వీధి చివర మామీ నది మీద మంచు విడుతోంది,
ఎవరో చీకట్లో ఎండుకట్టెలు విరుస్తున్నట్టు.
కార్డు ముందువైపు పదహారు అంకెలూ కొట్టాను.
వెనకవైపు మూడంకెల దగ్గర వేలు ఆగింది.

జత కలవని మేజోళ్ళతో మెట్లు దిగి వచ్చి
పక్కన కూర్చుంది ప్రణుతి.
"కాయ రాకపోతే తాతయ్య ఏం చేసేవాడు?"
"మరుసటేడు మళ్ళీ ఆ రైతు దగ్గరికే వెళ్ళేవాడు."
"ఎందుకు?"
అప్పుడూ తెలీదు నాకు, ఇప్పుడూ తెలీదు.
"ముక్కు మీద నమ్మకం కాబోలు" అన్నాను.

ల్యాప్‌టాప్ పైకెత్తి తెరని వాసన చూసింది.
"ఏమీ రావట్లేదు. పోపు వాసన తప్ప."
ఇద్దరం నవ్వాం, పైన ఆయన నిద్ర చెడకుండా,
నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.
ఆ నవ్వు ఆగీ ఆగకముందే
కార్డు వెనక్కి తిప్పి మూడంకెలూ చదివింది,
రైలొచ్చే ప్లాట్‌ఫారం ఎవరికో చెబుతున్నట్టు, గట్టిగా.
చదివాక వెంటనే అంది:
"ఇంకోసారి చదవమంటావా?"
అక్కర్లేదన్నాను. ఒక్కసారికే వినిపించింది.

పదకొండు నలభై ఒకటి.
మాకు చాలా సంతోషం అంది తెర.
ఎవరి సంతోషమో తేలలేదు.

మర్నాడు బడికి
ఆ రెండో కాలేజీ చొక్కానే వేసుకుంది.
నేను చూసినట్టు ఉండలేదు,
తనూ దాచినట్టు ఉండలేదు.
టిఫిన్ డబ్బా చేతికిచ్చి తలుపు వేశాను.
వీధి మలుపు దాకా
బ్రేకుల కీచు వినపడుతూనే ఉంది.