ముప్పై రెండు

పాకాల దాటకముందే గోవర్ధనికి వాంతి.
నిమ్మచెక్కలు, పాత పేపర్లు, నా కొంగు
అన్నీ అయిపోయాయి కాళహస్తికి.
తలలు లెక్కపెట్టాను: ముప్పై ఒకటి.

భీములవారిపాలెం రేవులో
పులికాట్ మమ్మల్ని పట్టించుకోలేదు.
మోకాటిలోతు నీళ్ళు,
అంచెక్కడో చెప్పని ఎండ.
"సముద్రమంటే ఇంతేనా మేడమ్, అలే లేదే?"
"సముద్రం కాదురా, సముద్రానికి పెరడు."
అన్నానే గాని
నేనూ చూడ్డం ఇదే మొదలు.

దూరంగా ఎవరో ఆరేసి మరిచిపోయిన
గులాబిరంగు చీర.
పడవ దగ్గరయ్యేకొద్దీ దానికి కాళ్ళు మొలిచాయి.
ఒక్కసారిగా లేచింది.
రెక్కల కింద అంత ఎరుపు దాచుకుంటాయని
ఏ పాఠంలోనూ లేదు.
ఎప్పుడూ మూతపడని మునిశేఖర్ నోరు
తెరిచే ఉంది, మాట లేకుండా.

పులుసన్నం పొట్లాల్లో ఇసుక.
బాటిల్లో ఉప్పునీళ్ళు పట్టుకుంది హేమావతి,
వాళ్ళ మేకకు రుచి చూపించాలట.

సాయంత్రం బస్సులో మళ్ళీ లెక్క.
ముప్పై రెండు.
ఇంకోసారి. ముప్పై రెండే.

వెనక సీటు కింద
పడవాయన కొడుకు చెంగడు,
చేపపొలుసు అంటిన మోకాళ్ళు ముడుచుకుని.
"మీ ఊర్లో కొండలుండాయంట గదా.
ఈడ్నించి నీలంగీత మాదిరి అగపడతాయి.
దగ్గరికి పోతే గూడా నీలంగానే ఉంటాయా?"

దించేశాం. వాళ్ళ నాయన తిట్టాడు, నవ్వాడు.
డ్రైవర్ హారన్ కొట్టాడు.

రేపు డ్రాయింగు పీరియడ్‌లో
గులాబిరంగు పెన్సిళ్ళు చాలవు.
నేను మాత్రం కిటికీ దగ్గర నిలబడతాను.
బడి వెనక ఆ కొండను
పదకొండేళ్ళుగా చూస్తున్నా.
ఏ రంగో
గట్టిగా చెప్పలేను.