ఇంద్రధనుస్సు వీధి, పద్నాలుగు

ఇంటిని కాగితం మీద చూసి కొన్నాం.
కాగితంలో ఆకాశం నీలం, గడ్డి పచ్చన,
గేటు ముందు ఎర్ర గౌనులో ఓ పాప,
ఎవరి పాపో ఇప్పటికీ తెలీదు.
నవంబరులో చూడ్డానికి వెళితే
చీలమండల దాకా బురద,
నాలుగు మేకులు, వాటికి ఎర్ర రంగు,
మధ్యలో కోయకుండా వదిలేసిన క్యాబేజీలు, మంచుకి పగిలి.
"ఇది హాలు" అన్నాడు ఏజెంటు, ఒక క్యాబేజీ పక్కన నిలబడి.
లుదోమీర్ బూట్లు తుడుచుకున్నాడు
గుమ్మం అక్కడే ఉన్నట్టు.

ముప్పై ఏళ్ళ అప్పు.
ఆఖరి వాయిదా నాటికి నాకు అరవై ఎనిమిదని
బ్యాంకులో అమ్మాయి నవ్వుతూ చెప్పింది.
నేను పోజ్నాన్‌లో ట్రాము నడుపుతాను.
పద్నాలుగేళ్ళుగా పట్టాలు పొమ్మన్న చోటికే పోతున్నాను.
సంతకం పెడుతుంటే
మొదటిసారి స్టీరింగు చేతికొచ్చినట్టనిపించింది.
పెట్టాక తెలిసింది, ఇవి ఇంకో రకం పట్టాలని.

ఓల్షీనా ఇంకా పల్లెటూరేనని బోర్డు చెబుతుంది.
బస్సు రోజుకి ఐదుసార్లు, ఆదివారం దానికీ సెలవు.
బడిలో గది చాలక రెండో తరగతి
ఫైరింజను షెడ్డులో నడుస్తోంది;
సైరన్ మోగితే పిల్లలు బెంచీలు జరిపి బండికి దారిస్తారు.
మా ఇగ్నాష్ దృష్టిలో భూమ్మీద ఇంతకంటే మంచి బడి లేదు.
సాయంత్రం ఆరు దాటితే కుళాయి సన్నబడుతుంది,
వీధి వీధంతా ఒకేసారి స్నానాలు చేస్తుంది కదా.
మా వీధి ఇంద్రధనుస్సు. అవతలిది సూర్యకాంతి.
పేరు పెట్టినాయన నవంబరులో వచ్చి ఉండడు.

మొదటి వసంతంలో చదును చేసి గడ్డి విత్తాం.
మూడో వారానికి లేచింది గడ్డి కాదు.
నాలుకల్లాంటి పొడుగాటి ఆకులు, గుమ్మం నుంచి గేటు దాకా.
హ్షాన్.
ఆవ కంటే ఘాటు, ముల్లంగికి గయ్యాళి అక్క.
తవ్వాను, విరిగింది. విరిగిన ముక్కముక్కా మొలిచింది.
మందు కొట్టాను. చుట్టూ ఉన్న కాస్త గడ్డీ చచ్చింది.
"అప్పు తీరేదాకా ఉంటుంది, దానికో పేరు పెట్టెయ్" అన్నాడు లుదోమీర్.

ఈస్టరు ముందు గురువారం
గేటు దగ్గర ఓ ముసలావిడ, చేతిలో పార, తలకి గళ్ళ రుమాలు.
గెనోవెఫా. ఈ పొలం అమ్మినావిడ.
"పండక్కి నాలుగు దుంపలు తీసుకోనా?"
అడగడం అలవాటు లేని గొంతు.
నేను రెండేళ్ళు ఓడిపోయిన నేలలో
పారని ఏటవాలుగా దింపి, ఒక్కసారి తొక్కి
తోకతో సహా లాగింది.
"మా ఆయన నాటాడు, కంచె వారన, ఒకటే ముక్క"
అంటూ మా భోజనాల బల్ల ఉన్న వైపు చూపించింది.
"మీ బుల్‌డోజరు అందరికీ పంచింది."
డబ్బేం చేశారని నేనడగలేదు. ఆవిడే చెప్పింది:
ఇంటికి పైకప్పు, కూతురికి కారు, తనకి పళ్ళు.

కిటికీ తెరిచి ఇద్దరం తురిమాం.
ఎవరూ ఏడవకుండానే ఇద్దరికీ కళ్ళ నీళ్ళు.
బల్ల మీది కాగితం ఆవిడ కంటబడింది:
అడవి అంచున కొత్తగా అరవై ఇళ్ళు వద్దని మా వీధి అర్జీ.
దారి ఇరుకు, నీళ్ళు చాలవు, ఊరు ఊరిలా ఉండాలి.
పదో వరసలో నా సంతకం, గుండ్రంగా.

పెదాలు కదుపుతూ చివరిదాకా చదివింది.
"మా అర్జీ కంటే బాగా రాశారు" అంది.
"మాది మీరు రావద్దని. నీళ్ళ సంగతి మేమూ రాశాం.
దారి కూడా."
"పొలం అమ్మింది మీరే కదా?"
"అమ్మాను. అర్జీ మీద సంతకమూ పెట్టాను. రెండూ ఒకే వారం."
ఇంకో దుంప అందుకుంది.

నా పేరు కొట్టెయ్యలేదు. అర్జీ ఆఫీసులో ఇచ్చే వచ్చాను.
తిరిగొచ్చేటప్పుడు అడవి అంచున కొత్త మేకులు,
బురదలో ఓ కుర్ర జంట, చేతిలో కాగితం.
ఆ అమ్మాయి నన్ను ఆపి అడిగింది,
ఇక్కడ నీళ్ళు బాగా వస్తాయా అని.

ఆరులోపు స్నానం చేసెయ్యండి, అన్నాను.