కుదుపు

ఇల్లు కదులుతుంది. ఆగుతుంది.
మళ్ళీ మూరెడు ముందుకు దూకి
బిక్కచచ్చి నిలబడుతుంది.

స్పేస్ బార్ మీద నా బొటనవేలు.
కిటికీ అవతల చిలోయె వాన, మూడో రోజు,
చెక్క పెంకుల మీద ఒకటే ధార.
వానకి ఒక్క ఫ్రేమూ జారదు.
నత్తి నా లాప్‌టాప్‌కే.

ఒర్తెన్సియా కార్కమో గారి ఇల్లది.
సముద్రం కొరుకుతున్న ఒడ్డు నుంచి
బడి వెనక మిట్ట మీదికి
పోయిన ఆదివారం లాక్కొచ్చారు,
పన్నెండు జతల ఎద్దులు, దుంగల మీద,
కిటికీలకి పరదాలు అలాగే ఉంచి.
శనివారానికి సినిమా కావాలంది.
"ఊరంతా వస్తుంది, ఒతీలియా" అంది,
అంటే తప్పులు పట్టడానికి కూడా.

తెర నాణ్యత సగానికి దించాను,
తర్వాత పావుకి.
ఎద్దులు బురదముద్దలయ్యాయి.
ముద్దలు కూడా మొరాయించాయి.

క్యాష్ ఫోల్డర్ తెరిస్తే
రెండేళ్ళ పెళ్ళిళ్ళు, ఒక చేపల కంపెనీ ప్రకటన,
విడిపోయిన ఓ జంట మొదటి వాల్ట్జ్,
అటక మీద ఎవరికీ అక్కర్లేని జాడీల్లా.
ఊడ్చి పారేశాను.
యంత్రం కొంచెం ఊపిరి పీల్చుకుంది.
కొంచెమే.

హార్డ్ డిస్కుని హబ్‌లోంచి పీకి నేరుగా గుచ్చాను.
గ్రాఫిక్స్ డ్రైవర్ కొత్తది దింపుకున్నాను.
కెమ్చి ఇంటర్నెట్‌లో అది దిగేలోపు
ఒక కుండెడు బంగాళాదుంపలు ఉడికాయి,
తిన్నాను, కుండ కూడా కడిగాను.

మేనల్లుడు సెఫెరీనో ఫోన్‌లో తీసినవి ఇంకో రకం దొంగలు.
ఎండుంటే సెకనుకి ముప్ఫై ఫ్రేములు,
మబ్బేస్తే ఇరవై రెండు,
మధ్యలో వాటికి బుద్ధి పుట్టినన్ని.
కేక ముందొస్తుంది,
నోరు తర్వాత తెరుచుకుంటుంది.
అన్నిటినీ కూర్చోబెట్టి ఒకే లెక్క నేర్పాను.

ఆఖరికి ప్రాక్సీలు.
ప్రతి క్లిప్పుకీ ఒక బక్క తమ్ముడు,
అదే పేరు, పదోవంతు బరువు.
రాత్రంతా ఫ్యాను రొద, పొయ్యిలో కట్టెల చిటపట,
ఏది ముందు ఆరిపోతుందో తెలీక
కుర్చీలోనే కునికాను.

తెల్లారి నొక్కాను.
సముద్రపు కాకి తెర ఈ చివర నుంచి ఆ చివరకి
వెన్న మీద కత్తిలా సాగిపోయింది.
పొగ సాగింది. ఎర్ర టోపీ పిల్లాడు పరిగెత్తాడు.
ఇల్లు మాత్రం
కదిలింది. ఆగింది. మూరెడు దూకింది.

తిట్టాను. పిల్లి కూడా లేచి వెళ్ళిపోయింది.
జారిన ఫ్రేములెన్ని అని చూస్తే
సున్నా.

అప్పుడు ఒక్కో ఫ్రేమే నడిపించాను.
మోకు బిగుస్తుంది.
ఇరవై నాలుగు మెడలు వంగుతాయి.
ఇల్లు రాదు.
రాదు.
రాదు.
ఎవరో గొంతు చించుకుంటారు, అప్పుడొస్తుంది,
ఒక్క ఉరుకు, పరదాలు లోపలికి ఎగిరి.
మోకు వదులవుతుంది.
ఒక ముసలాయన వెనక మిగిలిన దుంగని
భుజానెత్తుకుని ముందుకు నడుస్తాడు.

ఒక మీట ఉంది నా దగ్గర.
లేని ఫ్రేముల్ని మధ్యమధ్య అల్లేసి
ఇంటిని పడవలా తేలించగలదు.
పెట్టి చూపించాను ఆమెకి, సాయంత్రం,
తడి బూట్లు గుమ్మంలోనే విడిచి వచ్చినప్పుడు.

"ఇది నా ఇల్లు కాదు" అంది.
"వద్దన్నా వినకుండా లోపలే కూర్చున్నా, పొయ్యి పక్కన.
ప్రతి కుదుపూ నా పళ్ళకి తెలుసు."

తీసేశాను. మళ్ళీ చూసింది, పెదాలు కదుపుతూ.
లెక్కపెడుతోందనుకుంటా.

"ఏడో దాని దగ్గర మా ఆయన కప్పు పగిలింది.
వినపడదేం?"

ఆమె వెళ్ళి రెండు గంటలైంది.
హెడ్‌ఫోన్లు చెవులకి బిగించి
గాలిని పక్కకి తోస్తున్నాను, ఎద్దుల్ని, కేకల్ని,
వానని.
ఆ కప్పు కోసం.