పొమ్మనలేక

మొదటిసారి నడిచింది నా ప్రోగ్రాము.
నోల్సోయ్ దీవి రేవుగట్టు మీది గాలి మీటరు
టోర్స్‌హవన్‌లో నా వంటింటి బల్లకి బదులిచ్చింది:
సెకనుకి పద్దెనిమిది మీటర్లు, నైరుతి.
కిటికీ తీస్తే తెలిసేదే.
అయినా ఒక్కదాన్నే చప్పట్లు కొట్టుకున్నాను,
యాభై మూడేళ్ళదాన్ని,
ఇరవై ఏళ్ళు పడవ టికెట్లు చింపిన చేతులతో.

అప్పుడు కనపడ్డాయి, బదులుకి పైన,
పసుపు అక్షరాలు రెండు వరుసలు.
తప్పు కాదట, హెచ్చరికట.
నువ్వు పిలిచిన ఫంక్షనుకి కాలం చెల్లింది,
ఇవాళ్టికి పలుకుతుంది,
ముందుముందు ఉండదు, వేరేది చూసుకో.

పొమ్మనలేక పొగబెట్టడం అంటే ఇదే.

పుస్తకాన్ని అనడానికి లేదు.
లైబ్రరీవాళ్ళు వదిలించుకున్న పెట్టెలో
పది క్రోనాలకి దొరికింది.
అది అచ్చయిన ఏడు
ఆ ఫంక్షను పెళ్ళికొడుకులా ఉండి ఉంటుంది.
అవతలి యంత్రం పేరూ పోర్టు నంబరూ చేతిలో పెడితే
ఇంకేమీ అడక్కుండా
తలుపు తీసి పక్కకి నిలబడేది.

ట్రోండుర్‌కి చూపించాను. మా ఆఫీసు సర్వర్లకి ఊడిగం చేసేవాడు,
ఎండు మాంసం నములుతూ చూశాడు.
"హెచ్చరికే కదా రన్వా, ఒక్క ఆప్షను పెట్టు, నోరు మూస్తుంది.
లేదా లైబ్రరీని పాత వెర్షనుకి మేకు కొట్టేసి
అక్కడే ఉండిపో."
రెండూ చేశాను. సిగ్గెందుకు?
ఐదు నెలలు పసుపు కనపడలేదు.
మా రేవు స్తంభానికీ ఒక కాగితం ఉండేది:
సొరంగం తెరవగానే ఈ పడవ ఆగిపోతుంది.
రెండు శీతాకాలాలు
ఆ కాగితానికి వీపు ఆనించుకునే
పడవ కోసం చూశారు జనం.

ఫిబ్రవరిలో కంపైలరు మార్చక తప్పలేదు.
తీగ లాగితే డొంకంతా కదిలింది.
మేకు ఊడింది. ఈసారి పసుపు లేదు, ఎరుపే:
ఆ పేరుగలవాళ్ళు ఇక్కడెవరూ లేరు.

సరే, కొత్త దారి.
చిరునామా వెతకాలి, సాకెట్టు తెరవాలి, కలపాలి,
చదివేందుకు పిడి బిగించాలి,
మధ్యలో ఏం కూలినా చివర్న మూసి తీరాలి.
ఒక్క మాట పోయి ఐదు పనులు మిగిలాయి.
రాశాను. కదలదు.
వాన వచ్చి వెలిసి మళ్ళీ వచ్చింది, కదలదు.
మూడో రాత్రికి అర్థమైంది:
చిరునామా వెతికితే చేతికొచ్చేది ఒకటి కాదు, జాబితా.
మొదటి ఇంట్లో ఎవరూ లేరు.
నేను ఆ గుమ్మంలోనే నిలబడి ఉన్నాను.

అంటే ఆ పాతది
ఇన్నాళ్ళూ నాకు చెప్పకుండా
ఒక తలుపు తట్టి, పలక్కపోతే రెండోది తట్టి
నన్ను లోపలికి తీసుకెళ్ళేదన్నమాట.
పోయాక గాని తెలియలేదు దాని చాకిరీ.

తట్టడం నేనే రాశాను, పన్నెండు వరుసలు.
ఇంకో సంగతి.
గాలి మాటని అంకెగా మార్చేవి,
అంకెని చూసి "ఇవాళ పడవ లేదు" అనేవి,
బయటి లోకం మొహం ఎరగని నా చిన్న ఫంక్షన్లు
వాటిల్లో ఒక్క కామా కూడా కదల్లేదు.
గుమ్మం విరగ్గొట్టి కట్టాను,
లోపల పొయ్యి మీద కాఫీ కాగుతూనే ఉంది.

నా పన్నెండు వరుసలకీ పాత పేరే పెట్టాను.
ట్రోండుర్ నవ్వలేదు.
"ఇక అది నీది, రేపు పాడైతే
తిట్టడానికి ఇంకెవరూ ఉండరు" అన్నాడు.
ఆ మాట ఇంటిదాకా నాతో నడిచింది.

పుస్తకంలో ఆ పేజీ అంచున రాసి పెట్టాను:
ఇది ఇప్పుడు లేదు. జాబితాలో మొదటిదాన్ని నమ్మొద్దు.
కింద నా పన్నెండు వరుసలు,
దాని కింద తేదీ.
పెన్సిల్‌తోనే రాశాను.
రేపు పొద్దున తీసుకెళ్ళి
ఆ పది క్రోనాల పెట్టెలో వేసి వస్తాను,
గాలి ఒప్పుకుంటే.