అక్షరానికి పన్నెండు రూపాయలు

గుణుపురం బస్టాండు వెనక నా కొట్టు.
అక్షరానికి పన్నెండు రూపాయలు.
తెలుగుకైనా ఒడియాకైనా ఒకటే రేటు.
ఒడియాలో గుండ్రాలెక్కువ, కుంచె ఎక్కువ తిరగాలి,
అయినా నేనడగను.

మాఘమాసంలో బ్లాకాఫీసు జీపొచ్చింది.
బొండగుడ వాళ్లు కొండనీటిని నిలబెట్టారట,
జిల్లా పెద్దసారొచ్చి మెచ్చుకుంటారట,
ఆయన ముసుగు లాగడానికి ఓ బోర్డు కావాలట.
చీటీలో పేరొక్కటే:
గొర్లె తవిటినాయుడు.
ఎనిమిది అక్షరాలు, తొంభై ఆరు రూపాయలు.
మధ్యాహ్నం కూటికి ఇంటికొచ్చేయొచ్చనుకున్నాను.

ఆ ఊరు నాకు తెలుసు.
పదేళ్ల కిందట సిమెంటు ప్రకటన రాయడానికెళ్లి
రంగులోకి చెంబుడు నీళ్లడిగితే
ఒకావిడ నా మొహం చూసింది, డబ్బా చూసింది.
"గోడకా?" అంది.
ఆ గోడ నేను రాయలేదు.

ఇప్పుడు మాఘంలోనూ గెడ్డ పారుతోంది,
పిల్లలు తువాలు పరిచి పరిగెలు పడుతున్నారు.
తవిటినాయుడు చీటీ చూసి తల గోక్కున్నాడు.
"నా పేరేటి బావూ, నాను సంతకాలెట్టినోణ్ణి.
పైకట్ట సొంబారిది.
దాని నడుం ఆ రాళ్లల్లోనే ఉండిపోనాది."
సొంబారి కాదంది.
కందకాలకి వాలు చూసింది ఇండామి అంది,
చెంబుతో నీళ్లు ఒంపి, ఎటు జారితే
అటు పుల్లతో గీత గీసుకుంటూ పోయిందట.
ఇండామి తన మాట ఎత్తనివ్వలేదు.
కిందటేడు కట్టరాయి కింద చెయ్యి పెట్టి
పాము కాటుకి పోయిన లోకనాథ్ పేరు చెప్పింది.
నేను నోటుపుస్తకం తీశాను.

పొద్దు వాలేసరికి ముప్పై తొమ్మిది.
నలభయ్యోవాడు తనంతట తానే వచ్చి చెప్పుకున్నాడు:
కూర్మారావు,
నా జీడితోటలోంచి కట్ట పోనివ్వనని ఠాణా ఎక్కినవాడు.
జనం గొల్లున నవ్వారు.
సొంబారి నవ్వలేదు.
"రాయి. ఈడు అడ్డుపడబట్టే కట్ట వంకర తిరిగింది.
వంకర తిరిగిన కాడే నీళ్లు నిలిచాయి."

రెండువందల పదకొండు అక్షరాలు.
సర్కారు ఇచ్చేది తొంభై ఆరు.
మిగతాదానికి రాత్రి గడపగడపా తిరిగారు,
మడతలు విప్పని పదినోట్లు, జీడిపిక్కలు,
చింతపండు ఉండలు, కుంచాలతో కొలిచిన చోళ్లు.
నేను రేటు తగ్గించలేదు.
తగ్గిస్తే పేర్లు చవకవుతాయనిపించింది.

తెల్లారి ఒక ఇస్కూలు పిల్ల అడ్డం నిలబడింది.
సవర పేర్లు మా అక్షరాల్లో కూడా రాయాలి అని
నా అరచేతిలో బొగ్గుతో గీసి చూపించింది.
ముప్పై ఏళ్ల చెయ్యి, చిన్నపిల్లాడి చెయ్యిలా వణికింది.
మూడుసార్లు తుడిచి నాలుగోసారి కుదిరించాను.
వాటికి లెక్క కట్టలేదు,
నేర్చుకున్నవాడు ఎదురు తీసుకోకూడదు.

బోర్డు నాలుగడుగులే, అక్షరాలు పెసరగింజలంత.
పెద్దసారు ముసుగు లాగి, కళ్లజోడు తుడుచుకుని,
నడుం వంచి చదివారు.
నలభై పేర్లూ చదివారు, తప్పులతో.
ఒక్కో తప్పునీ ఊరంతా కలిసి దిద్దింది.

"అడుగున జానెడు వదిలేశావేం?" అన్నాడు గుమాస్తా.
మర్చిపోయి కాదు. సొంబారి వదలమంది.
"వచ్చే ఏడు పూడిక తీసేవోళ్లుండరా?"

పనయ్యాక కుంచె కడుక్కోడానికి గెడ్డలోకి దిగబోయాను.
ఇండామి మాట్లాడకుండా నా చెయ్యి పట్టుకుంది,
చింకిగుడ్డ ఒకటి ఇచ్చి గట్టు మీద కూర్చోబెట్టింది.
ఎంత తుడిచినా ఎనామిలు వదలదు.
చోళ్ల మూట కాళ్ల మధ్య పెట్టుకుని
కట్టెబారిన కుంచెతో జీపులో దిగొచ్చాను.

కొత్తది కొనాలి.
నూట ఇరవై రూపాయలు.
పది అక్షరాలు.