నీళ్ల హాజరు పట్టీ

కుందుర్పి రోడ్డు మీద బస్సు దిగి
రెండు కిలోమీటర్లు నడిస్తే మా బడి.
నేను లెక్కల అయ్యవారిని.
సైన్సు పోస్టు ఖాళీ కాబట్టి
శనివారం ఆఖరి గంట పర్యావరణం నా నెత్తిన పడింది.

మొదటి వారం పుస్తకం తెరిచి చదివించాను:
అడవులు భూమికి ఊపిరితిత్తులు.
పిల్లలు కిటికీలోంచి చూశారు.
బుడ్డలు పీకేసిన చేను,
చేని గట్టున గాలిమర ఒకటి
ఊరితో మాట లేనట్టు తిరుగుతోంది.

రెండో వారం పుస్తకం మూసేసి
బీరువాలోంచి పాత హాజరు పట్టీ తీశాను.
పేర్లు మీరే రాయండి అన్నాను.
వాళ్లు రాసినవి ఐదే:
బడి బోరు, వీధి కొళాయి, ట్యాంకరు, వంక, వాన.

ఆనాటి నుంచి రోజూ మొదటి గంటకు పేర్లు పిలుస్తాం.
బోరు?
వచ్చింది సార్, పావుగంట.
ట్యాంకరు?
డ్రైవరు పెండ్లికి పోయినాడంట సార్.
వంక?
ఎవరూ పలకరు.
మూడేండ్లుగా రాని పేరు, కొట్టేద్దామా అంటే
మారెక్క లేచి నిలబడింది:
"వస్తాది సార్. దానికి దూరం కదా."
గైరుహాజరు అని రాసి
పేరు అట్లే ఉంచాను.

వంటమ్మ ఓబుళమ్మకు ఇదంతా నచ్చలేదు.
"నా నీళ్లకు లెక్క చెప్పేదేంది?" అని
గరిటె చూపించింది.
పళ్లేలు కడిగిన నీళ్లకు పిల్లలు పలుగుతో దారి తీసి
గోడ పక్క మునగ మొక్క దాకా నడిపించారు.
నాలుగు నెలలకు పప్పులో మునగాకు పడింది.
ఆ రోజు నుంచి గరిటెతో ఆ కాలువలో చెత్త తీసేది ఆమే.

ఇక కొళాయి.
నేను చేరినప్పటి నుంచీ కారుతోంది,
నా చెవి దాన్ని గడియారంలా మరిచిపోయింది.
వన్నూర్‌బీ మరవలేదు.
నిమిషానికి తొంభై చుక్కలు, లెక్కపెట్టింది.
దగ్గుమందు మూతలో ఐదో గీత నిండటానికి వంద.
మిగతాది నా సబ్జెక్టు:
రోజుకు ఆరున్నర లీటర్లు కొంచెం తక్కువ,
ఏడాదికి, పదిహేను లీటర్ల బిందెలతో,
నూట యాభై ఏడు, పైన కాస్త.
బోర్డు మీద గీత గీసి, సుద్దముక్క దులుపుకుని
జవాబు వచ్చింది కదా అని తిరిగితే
"అన్ని బిందెలు మోసేది ఎవరు సార్?" అంది.
ఆ ప్రశ్నకు సూత్రం
నేను చదివిన ఏ తరగతిలోనూ లేదు.

వాషరు కోసం మండలానికి అర్జీ రాశాను.
అర్జీ ఇంకా దారిలో ఉండగానే
తిప్పేస్వామి సైకిలు ట్యూబు ముక్క కోసి,
పంటితో అంచు సరిచేసి, బిగించేశాడు.
ఆ సాయంత్రం బడి ఎంత నిశ్శబ్దమైందంటే
నాకు నా చేతి గడియారం వినిపించింది.

అర్ధసంవత్సరం పరీక్షలో పదిమార్కుల ప్రశ్న:
నీటి సంరక్షణ గురించి పది వాక్యాలు రాయుము.
అందరూ పది రాశారు.
చాలామంది పదకొండోది కూడా, భద్రత కోసం.
తిప్పేస్వామి రెండే రాశాడు:
"ఆరు బోర్లు ఎండిపోయినంక మా నాయన
మాట్లాడేది తగ్గించినాడు.
అది కూడా పొదుపేనా సార్?"

ఎర్ర పెన్ను మూత తీశాను, పెట్టాను.
ఆ పేపరు ఇంకా నా సంచిలోనే ఉంది,
మార్కుల జాబితాలో అతని గడి
వంక పేరు పక్కన గడిలాగే ఖాళీగా.

నిన్న మధ్యాహ్నం మూడుకు మబ్బు పట్టింది.
ఎవరూ నన్ను అడగలేదు, గంట కొట్టలేదు,
కోసిన సీసాకు స్కేలు కట్టిన వానమాపకం చుట్టూ
నలభై ముగ్గురు గొంతుక్కూర్చున్నారు.
పదకొండు మిల్లీమీటర్లు.
మారెక్క తడిచేతులతోనే పట్టీలో రాసింది
వాన: హాజరు. ఆలస్యంగా.
సిరా కాస్త పారింది.

ఇదంతా చక్కబడిందని చెప్పను.
ట్యూబు ముక్క అరిగిపోయి
సోమవారం నుంచి కొళాయి మళ్లీ కారుతోంది.
పొద్దున నేను వెళ్లేసరికి
దాని కింద ఒక చెంబు ఉంది.
ఎవరు పెట్టారని అడిగితే
ముగ్గురు చేతులెత్తారు.